నన్ను ఓడ ఎక్కనివ్వని దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి.

సముద్రం ఇవతల ఈ దేశాన్ని ఏలే తెల్లదొరలు ఎమర్జెన్సీ పెట్టిన కాలంలో, అడవిలో వాళ్లమీద పోరాడేవాళ్లకు తిండి అందకూడదని మా బాగన్ దాతుక్ కొబ్బరి ఎస్టేటు చుట్టూ ముళ్లకంచె వేశారు, బియ్యపు గింజ గేటు దాటకూడదన్నారు, మా ప్రార్థన మందిరమేమో కంచెకు బయట ఉండిపోయింది. వంటకు ముందు ప్రతి ఇల్లాలూ పిడికెడు బియ్యం దేవునికి తీసిపెట్టడం మా పెద్దల నాటి అలవాటు, ఆదివారం అవన్నీ ఒక సంచిలో పోసి మందిరానికి మోసేది నేను. ఆ బియ్యం నాది కాదు, దేవునిది, దొరల చట్టం దేవునికెలా తగులుతుంది అనుకుని సంచి నెత్తిన పెట్టుకుని దర్జాగా గేటు దాటబోయాను. నా బుద్ధితక్కువ! అక్కడే పట్టుకున్నారు.

అడవివాళ్లకు మోస్తున్నావన్నారు. పుట్టింది ఆ ఎస్టేటులోనే అయినా నా దగ్గర కాగితం ముక్క లేదు, అందుకని ఓడ ఎక్కించి ఇండియాకు పంపేస్తామన్నారు. నేను ఎన్నడూ చూడని దేశం! ఇంట్లో పాలు మానని బిడ్డ! అంతకుముందు ఆదివారమే మా పాస్టరయ్య, ప్రభువును నమ్మిన అష్షూరీయులను, కల్దీయులను సొంత ఊళ్ల నుండి తరిమేస్తే దేశాలు పట్టుకుని తిరుగుతున్నారని, వాళ్ల కోసం ప్రార్థించమని చెబితే, ఎక్కడివాళ్ల గొడవో అని నేను ఆవులించాను. లాకప్పులో వాళ్లే నాకు అక్కచెల్లెళ్లయ్యారు. మోకరించి ఏడ్చాను:

"అయ్యా తండ్రీ, అబ్రాహాముని కల్దీయుల దేశం నుంచి నువ్వే పిలిసినావు. నువ్వు పిలిస్తే నానూ ఎల్తాను. ఈళ్లు తరిమితే ఎల్లను. నాయం సెయ్యి!"

మర్నాడు నన్ను పోలీసు దొర ఎదుట నిలబెట్టి ఉండగా, మా మందిరం ఆడవాళ్లు పదకొండుమంది పని మానేసి వచ్చేశారు. అందరిలో పెద్దది సూరమ్మ, మా మాట దొరకు చెప్పే గుమాస్తా మీద, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే 'లా' తగిలించి అరిచింది: "ఆ సంచిలో నా పిడికెడూ ఉంది బాబూ, నన్నూ ఎక్కించెయ్ లా!"

వెనకనుంచి నా తోటికోడలు అందుకుంది: "నాదీ ఉంది. అడుగు నీ దొరని, ఓడలో ఇంతమందికి సోటుందేటి?"

గుమాస్తా నవ్వు ఆపుకోలేకపోయాడు. దొర నవ్వలేదు గాని ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడిగాడు, పదకొండుమందిదీ ఒకే మాట: పిడికెడు, దేవునికి. ఆ సాయంత్రమే నన్ను విడిచిపెట్టారు. దేవునికే మహిమ! మెర్దేకా, అంటే స్వతంత్రం వచ్చి జెండా మారాక పౌరసత్వం కాగితానికి పన్నెండుమందిమీ కలిసే వెళ్లాం, ఈ దేశం మాదని రాయించుకున్నాం.

ప్రియులారా, తరిమేవాడు ఎంత పెద్దవాడైనా న్యాయం తీర్చే దేవుడున్నాడు, ఆయనను నమ్మండి. నమ్మి ఇంట్లో కూర్చోకండి. ఎవరినో ఓడ ఎక్కిస్తున్నారని తెలిస్తే, చేతిలో పని దించేసి వెళ్లి వాళ్ల పక్కన నిలబడండి.