ఇరవై రెండు దసరాల రంగు

దసరా పొద్దున దంతాలపల్లిలో యాకయ్య పంక్చర్ షాపు ముందు ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. అది దేనికోసం వచ్చిందో దారిన పోయేవాళ్లందరికీ తెలుసు. యాకయ్య పాత కంప్రెసర్ ఆ రోజు తండాకు పోతోంది.

పుచ్చుకునేవాడు లింగ్యా. పదేళ్లు హైదరాబాదులో సెంట్రింగు పని చేసి, నడుము దెబ్బతిని తండాకు తిరిగొచ్చాడు. బరువులు ఎత్తొద్దని దవాఖానలో చెప్పారు. నాలుగు నెలలు యాకయ్య దగ్గర కూర్చుని పంక్చర్ పని నేర్చుకున్నాడు. తండా మలుపులో రేకుల షెడ్డు వేసుకున్నాడు. "కొత్తది తెచ్చుకున్ననాడు పాతది నీకే" అని యాకయ్య చాయ్ హోటల్లో పదిమంది ముందు మాటిచ్చాడు. కొత్త కంప్రెసర్ వచ్చి వారమైంది. దసరానాడే షాపు తెరుస్తానని లింగ్యా తండా అంతా చెప్పుకున్నాడు. మధ్యాహ్నం పన్నెండు లోపల కొబ్బరికాయ కొట్టాలి.

యాకయ్యకు యాభై ఆరేళ్లు. పదహారో ఏట బచ్చన్నపేట నుంచి జనగామ వెళ్లి లారీ టైర్ల షాపులో చేరాడు. ఆ షాపు దామోదర్‌ది. అందరూ ఉస్తాద్ అనేవారు. ఒక మిట్టమధ్యాహ్నం ఉస్తాద్ లారీ టైరుకు గాలి కొడుతుంటే ఇనుప రింగు ఊడి లేచింది. ఉస్తాద్‌కు రెండు వేళ్లు పోయాయి. రింగు తగిలి షాపు పైరేకుకు పడిన చిల్లిలోంచి ఎండ నేలమీద పడేది. ఆ ఎండ ముక్కను చూస్తూ యాకయ్య ఆరేళ్లు అక్కడే పనిచేశాడు. అప్పటినుంచి టైరుకు ఎదురుగా నిలబడి గాలి కొట్టలేదు. పక్కకు జరిగి, మొహం తిప్పుకొని కొడతాడు. లారీ క్లీనరైనా, పోలీసు జీపు డ్రైవరైనా ముందు పక్కకు జరగాల్సిందే. "పెండ్లి ఫోటోల సిగ్గుపడే పిల్ల లెక్క గటు తిరుగుతవేందే" అని ట్రాక్టర్లవాళ్లు ఎగతాళి చేసినా పట్టించుకోలేదు.

టైరంటే అంత భయపడ్డ మనిషి కంప్రెసర్ గాలి ట్యాంకును మాత్రం ఇంటి మనిషిలా నమ్మాడు. ఇద్దరు ఆడపిల్లలను చదివించింది అదే. పెద్దమ్మాయి అఖిల మహబూబాబాద్‌లో నర్సు. ప్రతి దసరాకు ముందు ట్యాంకుకు కొత్త రంగు పూసేవాడు. పండుగనాడు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. పనిముట్లకు మొక్కనివాడు పనిమంతుడు కాడని ఆయన లెక్క. ఇరవై రెండు దసరాల్లో ఒక్కటీ తప్పలేదు.

ఈసారి వెండిరంగు పూశాడు. కొన్నేళ్లుగా సిమెంటు గద్దె మీద ఉన్న ట్యాంకును ఆటోలోకి ఎక్కించడానికి నలుగురు పట్టి కిందికి దించి, రెండు ఎత్తయిన మొద్దుల మీద పెట్టారు. లింగ్యాకు పని చూపించడానికి యాకయ్య మోటరు వేశాడు. గాలి కొలిచే ముల్లు ఎక్కి నూటిరవై మీద నిలిచింది. మోటరు ఆగింది.

"సూసినవా? గుర్రం లెక్క ఉంది" అన్నాడు యాకయ్య.

"గుర్రానికి పూజ చేసి పంపుత ఆగుండ్రి" అంటూ ఉప్పలమ్మ పళ్లెంతో వచ్చింది. యాకయ్యతో ముప్పై ఏళ్ల కాపురం ఆమెది. ఏ పనీ సగం చేసే మనిషి కాదు. గద్దె మీద చెయ్యి పట్టని అడుగుభాగం ఇప్పుడు బయటపడింది కదా అని వంగి అక్కడ కూడా తడి పసుపు రుద్దింది. కుంకుమ కోసం చెయ్యి చాపి ఆగిపోయింది.

"ఏందయ్యా, గీ పసుపు పొంగుతాంది."

యాకయ్య వంగి చూశాడు. అతుకు వెంబడి, పసుపులో ఆవగింజంత బుడగ లేచి పగిలింది. మళ్లీ లేచింది. చెవి దగ్గర పెడితే తప్ప వినపడని సన్నని చప్పుడు.

"రంగు ఆరలే. గాలి తగిలి పొంగుతది."

"మూడొద్దులాయె పూసి. ఆరక ఏడ పోతది?"

యాకయ్యకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, బుడగ మీద. బల్లమీది స్క్రూడ్రైవర్ తీసుకొని గీకి చూద్దామని ట్యాంకు కిందికి తల పెట్టబోయాడు. ఉప్పలమ్మ ఆయన చొక్కా వెనక నుంచి పట్టి గుంజింది.

"ముల్లు నూటిరవై మీద ఉండంగ గిచ్చుతవా? లారోల్లను ఊరవతలికి నూకుతవు, నువ్వేమో దాని కడుపుల తలకాయ పెడ్తవు. నీకో లెక్క, లోకానికో లెక్కనా?"

యాకయ్య చెయ్యి గాలిలోనే ఆగింది. జనగామ షాపు నేలమీది ఎండ ముక్క గుర్తొచ్చింది. స్క్రూడ్రైవర్ కింద పడేసి వెనక్కి జరిగాడు.

తర్వాత పని నెమ్మదిగా చేశాడు. ఆటోను రోడ్డు దాటించాడు. లింగ్యానూ, ఉప్పలమ్మనూ, చూడవచ్చినవాళ్లనూ ఎదురుగా చాయ్ హోటల్ గోడ వెనక్కి పంపాడు. కరెంటు తీగ పీకేశాడు. ట్యాంకుకు ఎదురుగా కాకుండా పక్కగా వెళ్లి, పొడుగు పైపు కొసను దూరం లాగి గాలి కొద్దికొద్దిగా వదిలాడు. బుస్సుమంటూ దుమ్ము లేచింది.

"అన్నా, పండుగ గాలంత పారబోస్తున్నవేందే?" గోడ వెనక నుంచి లింగ్యా కేకేశాడు.

"ముల్లు సున్నకు రావాలె. గప్పటిదాంక తల బయట పెట్టకు."

ముల్లు సున్నకు వచ్చాక కూడా పైపును తెరిచే ఉంచి కాసేపు ఆగాడు. అప్పుడు ట్యాంకు కిందికి వంగి రంగు గీకాడు. పూతలు అట్టలు కట్టి ఊడొచ్చాయి. వెండిరంగు కింద ఆకుపచ్చ, దాని కింద నీలం, మళ్లీ ఎరుపు. నీలం పూసిన ఏడు అఖిలకు నర్సు ఉద్యోగం వచ్చింది. ఎరుపు పూసిన ఏడు రోడ్డు వెడల్పు చేస్తే షాపు పదడుగులు వెనక్కి జరిగింది. అప్పుడే సిమెంటు గద్దె కట్టి ట్యాంకును దాని మీద కూర్చోబెట్టాడు. అన్నింటి కిందా ఇనుము ఉండాల్సిన చోట గోధుమరంగు పొడి ఉంది. స్క్రూడ్రైవర్ కొస నానిన అట్టలోకి దిగినట్టు దిగింది.

అడుగున రంగు ముద్దలో ఒక గడ్డ కనిపించింది. గీకితే నట్టు. ట్యాంకులో చేరే నీళ్లను వదలడానికి పెట్టిన నట్టు అది. గాలితోపాటు లోపలికి తేమ వెళ్తుంది, లోపల నీళ్లవుతుంది, దాన్ని రోజూ సాయంత్రం వదలాలి. దామోదర్ ఉస్తాద్ నేర్పిన మొదటి పని అదే. యాకయ్య కొన్నేళ్లు వదిలాడు. గద్దె కట్టినప్పటినుంచి కింద చెయ్యి పట్టే జాగా లేదు. బ్రష్షు మాత్రం పట్టేది. గాలి మితిమీరితే దానంతటదే వదిలే సేఫ్టీ వాల్వు పైన ఉంది, దాని రింగు కూడా రంగులో అతుక్కుపోయి, లాగితే కదల్లేదు.

నట్టు పానాకు తిరగలేదు గానీ స్క్రూడ్రైవర్ పొడిచిన చిల్లిలోంచే నీళ్లు కారాయి. చిక్కని చాయ్ రంగు, పాత నూనె వాసన. ఒక బకెట్టు నిండి రెండోది సగమైంది.

"ఇంట్ల బిందెలు దినాం తోముత" అంది ఉప్పలమ్మ. "నీ బిందె ఏండ్లసంది తోమలే. పైకెళ్లి రంగులు మాత్రం మంచిగ పూసినవ్."

యాకయ్య బకెట్లు ఎత్తి పక్క కాలువలో పోశాడు.

ట్యాంకు ఇక పనికిరాదంటే లింగ్యా ఒప్పుకోలేదు. వెల్డింగు మహేందర్‌కు ఫోన్ చేశాడు. మహేందర్ కొత్త చొక్కాతో, నుదుట బొట్టుతో వచ్చాడు. మిషన్ పూజలో ఉంది, ఇవాళ ముట్టనన్నాడు. చిన్న సుత్తి అడిగి తీసుకొని ట్యాంకు పొడవునా తట్టాడు. పైభాగం గంటలా ఖంగుమంది. అడుగుభాగం మట్టికుండలా డొల్లగా పలికింది.

"లింగన్నా, రేపొచ్చినా నాది గిదే మాట. గేటైతే అతుకు పెడ్త. ట్రాక్టర్ తొట్టైతే పెడ్త. గాలి పట్టేదానికి పెట్ట. అతుకు గట్టిగనే ఉంటది. దాని పక్కపొంటి రేకు పలుగుతది."

"నాకు లారీలొస్తయా ఏంది? బైకులే గద. సగం గాలే పెట్టుకుంట."

"సగం గాలని ట్యాంకుకు ఎవలు చెప్తరే?" అని మహేందర్ సుత్తి కింద పెట్టి వెళ్లిపోయాడు.

పదకొండు కావస్తోంది. ఆటో డ్రైవరు హారన్ కొట్టాడు. లింగ్యా మొహం నల్లబడింది. చాయ్ హోటల్లో ఉన్నవాళ్లందరికీ వినపడేలా అన్నాడు.

"సక్కగ చెప్పరాదే యాకన్నా. ఇన్నేండ్లు నడిచినది ఇయ్యాలనే కరాబైందా? తండోనికి ఇయ్యబుద్దైతలేదని చెప్తే అయిపాయె."

ఆ మాట యాకయ్యకు తగలాల్సిన చోటే తగిలింది. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. ఒక్కసారి ఆటోలో ఎక్కించేస్తే మాట నిలబడుతుంది. ఎవరూ ఏమీ అనరు. తర్వాత జరిగేది ఆయన షాపులో జరగదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆయనకే నోరు చేదైంది.

"లింగ్యా, షెడ్డుల దీన్ని ఏడ పెడ్తవు?"

"ఏడనేంది? మూలకు. బెంచి పక్కన."

"బెంచి మీద ఎవలు కూసుంటరు?"

"వచ్చినోల్లు కూసుంటరు. పొద్దుగాల రుక్కి చాయ్ తెచ్చి జరసేపు..."

లింగ్యా అక్కడే ఆగాడు. రుక్కి అతని భార్య. అతను ట్యాంకు వైపు చూశాడు, తర్వాత దానికి ఎదురుగా తను నిలబడ్డ చోటు చూసుకున్నాడు. రెండడుగులు పక్కకు జరిగాడు.

యాకయ్య లేచాడు. "పని చేసేది ఇస్తనన్న. పని చేసేదే ఇస్త. మోటరు దిట్టంగ ఉంది, పంపు దిట్టంగ ఉంది. సచ్చింది ట్యాంకొక్కటే. పరీక్ష చేసి ముద్రేసిన కొత్త ట్యాంకు వరంగల్‌కెళ్లి నేనే తెస్త. దాని మీద ఇవి బిగిస్త. ఎనిమిది రోజులాగు."

"ఇయ్యాలటి ముహూర్తం ఏమైతది? తండంత నిలబడి ఉంటది. నేనేం మొహం పెట్టుకొని పోవాలె?"

జవాబు ఉప్పలమ్మ చెప్పింది. షాపు మూలనుంచి కాలుపంపు తెచ్చి ఆటోలో పడేసింది. "దీనికి మాత్రం ముహూర్తం లేదా? ఎక్కుండ్రి."

తండా మలుపులో రుక్కి ముగ్గు వేసి, షెడ్డుకు బంతిపూలు కట్టి ఎదురుచూస్తోంది. ఆటోలోంచి కంప్రెసర్‌కు బదులు కాలుపంపు దిగేసరికి జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యాకయ్య దాచకుండా చెప్పాడు. ట్యాంకు తుప్పు పట్టిందని, తప్పు తనదేనని, ఎనిమిది రోజుల్లో కొత్తది వస్తుందని. పన్నెండుకు ఐదు నిమిషాల ముందు లింగ్యా కొబ్బరికాయ కొట్టాడు. మొదటి బైకుకు యాకయ్యే గాలి కొట్టాడు. పండుగకు కొన్న తెల్లచొక్కా వీపుకు అతుక్కుంది. మూడో బైకుకు ఆయాసం వచ్చింది. రుక్కి వాళ్ల భాషలో ఏదో అంది. అందరూ ఘొల్లుమన్నారు.

"ఏమన్నదిరా?"

"ఏంలేదన్నా."

"చెప్పుర బై."

"పండుగకు పెద్దమనిషి ఇనాం ఇస్తడనుకుంటే, వచ్చి తనే దుంకుతుండేందని" అన్నాడు లింగ్యా. పొద్దుటినుంచి అతను నవ్వడం అదే మొదలు. పంపు తను అందుకున్నాడు.

ఇక పాత ట్యాంకు సంగతి. పాత ఇనుము కొనేవాడు అలాగే గుండ్రంగా ఇమ్మని రెండుసార్లు వచ్చాడు. యాకయ్య ఇవ్వలేదు. గుండ్రంగా ఉన్నంతకాలం దానికి ఎవరో ఒకరు అతుకు పెట్టి గాలి ఎక్కిస్తారని ఆయనకు తెలుసు. ఆ ఎవరో ఒకరు తానే అయ్యుండేవాడని కూడా తెలుసు. మోటరు, పంపు విప్పి, బిరడాలన్నీ తీసి, లోపలి నూనె పోయేదాకా సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగి ఎండలో పెట్టాడు. మహేందర్ గ్రైండరుతో పొడవునా కోసి పైన ఒకటి, కింద ఒకటి రెండు చెక్కలు చేశాడు. తుప్పు తిన్న అడుగుచెక్క పాత ఇనుము కిందికి పోయింది. పైచెక్క మాత్రం మందంగా, గట్టిగా ఉంది. దాన్ని తిరగేసి, చిల్లులు మూసి, కాళ్లు అతికిస్తే తొట్టి అయింది. ట్యూబును నీళ్లలో ముంచి పంక్చర్ చూసే తొట్టి. అది లింగ్యా షెడ్డుకు వెళ్లింది.

తొమ్మిదో రోజున కొత్త ట్యాంకూ వెళ్లింది. నడుమెత్తు స్టాండు మీద పెట్టించాడు యాకయ్య, కింది నట్టు కూర్చున్నచోటినుంచి చేతికి అందేటట్టు. లింగ్యా చేత పదిసార్లు తిప్పించాడు.

ఇప్పుడు దంతాలపల్లి షాపులో షట్టరు దించే ముందు ఆఖరి పని అదే. నట్టు తిప్పితే చుయ్యిమని చారెడు నీళ్లు పడతాయి. ఆ చప్పుడు వినపడకపోతే షాపు పక్కనే ఉన్న తమ ఇంట్లోంచి ఉప్పలమ్మ అడుగుతుంది, "తోమినవా బిందె?" అని.

మరుసటి దసరాకు లింగ్యా, రుక్కి బండి మీద వచ్చి యాకయ్య చేతిలో జమ్మి ఆకు పెట్టారు. యాకయ్య మొదట అడిగింది పిల్లల సంగతి కాదు.

"రంగేసినవా దానికి?"

"ఎయ్యలేదన్నా. కిందికెళ్లి పసుపు రుద్ది జరసేపు చూసినం."

"పొంగిందా?"

"పొంగలే. గప్పుడే బొట్టు పెట్టింది రుక్కి."

యాకయ్య జమ్మి ఆకు చెవిలో పెట్టుకొని, చాయ్ చెప్పడానికి హోటల్ వైపు చెయ్యి ఎత్తాడు.