చెప్పుల చప్పుడు

సోలో పట్నంలో బెచా అనే మూడు చక్రాల రిక్షా తొక్కే వగిమాన్‌కు చూపు మందగించిందని ఇంట్లోవాళ్ళకూ తెలియదు. బెచాలో ఎక్కినవాళ్ళు ముందు, తొక్కేవాడు వెనక. అందుకే వాళ్ళను కబుర్లలో పెట్టి, ఎదురుగా ఏదన్నా వచ్చి వాళ్ళ మాట తడబడితే బ్రేకు లాగేవాడు. సోయా గింజలు పులియబెట్టి చేసే తెంపే బిళ్ళలు అమ్మే సుమింతెన్ అయితే దారంతా తిడుతూనే ఉండేది. ఆమె ఎక్కితే అతనికి దిగులే లేదు. ఇవాళ ఆమె నోరు మెదపలేదు. కూడలి దగ్గర భయమేసి బండి ఆపేశాడు. వెనక ఒకటే హారన్లు.

"నిద్రపోయావా అమ్మా? ఏదన్నా అనవూ!"

"మెలకువగానే ఉన్నా. పచ్చలైటు పడి ఎంతసేపయింది? అనుమానమొచ్చే నోరు మూసుక్కూచున్నా."

"ఒట్టు, ఇంతవరకూ ఎవర్నీ గుద్దలేదమ్మా."

"గుద్దితే ముందు పోయేది నేనే కదయ్యా!"

తెంపే తట్ట దించుకుని నడిచిపోయింది. ఆమె చెప్పుల చప్పుడు పట్టుకునే వగిమాన్ కూడలి దాటాడు.