నా అకౌంటులో ఎవరో

మా పాత ఆఫీసు వాళ్ళు ఏ పెళ్ళిలో కనిపించినా ఒకటే కథ చెబుతారు. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఆఫీసు మొత్తాన్ని నేను నా పేరు మీద పెట్టేసుకున్నానట. నా అనుమతి లేకుండా ఒక్క బిల్లు కదలనిచ్చేదాన్ని కాదట. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను. జరిగింది అది కాదు.

తొంభైల చివరి మాట. ఏలూరు కాలవ పక్కన, మేడ మీద, రొయ్యల మేత అమ్మే కంపెనీ ఆఫీసు మాది. డీలర్ల బిల్లులు నా పని. ఒక సర్వరు, దానికి వైర్లతో కలిపిన నాలుగు మెషీన్లు, నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. బిగించడానికి హైదరాబాద్ నుంచి వచ్చినాయన మా అందరినీ కూర్చోబెట్టి ఎవరి అకౌంటు వాళ్ళకి తెరిచి ఇచ్చాడు. పాస్‌వర్డ్ ఎవరిది వాళ్ళకే తెలియాలన్నాడు. ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో ఆపరేటింగ్ సిస్టమ్ రాసి పెట్టుకుంటుందనీ, నెలకోసారి పాస్‌వర్డ్ మార్చమంటుందనీ, మార్చేదాకా లోపలికి రానివ్వదనీ చెప్పాడు.

ఆయన రైలెక్కక ముందే మావాళ్ళు పాస్‌వర్డ్‌లు ఒకరికొకరు చెప్పేసుకున్నారు. రోజూ ఒకే బల్ల మీద క్యారియర్లు విప్పి, ఒకరి గోంగూర ఇంకొకరి కంచంలో వేసే మనుషులు. "మనలో మనకి దాపరికమేంటండీ" అన్నారు అకౌంటెంటు గారు. చెప్పకపోతే తప్పుగా అనుకుంటారని అందరూ చెప్పారు. ఆ తర్వాత ఎవరిది వాళ్ళే మర్చిపోయారు. నాది మాత్రం అందరికీ గుర్తుంది. ఎందుకుండదు? పొద్దున్నే ముందొచ్చి నాలుగు మెషీన్లూ తెరిచేది నేను. నెలనెలా కొత్తది పెట్టి హాలంతా వినబడేలా చెప్పేదీ నేనే. అలా అందరూ నేనే అయిపోయారు. గోడౌన్ సూపర్‌వైజర్ స్టాకు ఎక్కించినా నా పేరే, టైపిస్టు అమ్మాయి ఉత్తరం కొట్టినా నా పేరే. తప్పు ఎవరిదైనా చివాట్లు నాకు. ఎవరి అకౌంటులో వాళ్ళు ఏడవండి మహాప్రభో అని ఎంత పోట్లాడినా వినలేదు. దీన్ని పెత్తనం అంటారా?

ఆ ఏడు వానాకాలంలో నాకు గర్భసంచి తీసేశారు. అదే ఊళ్ళో, పటమటలో అద్దె గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. చెల్లెలు వచ్చి కొన్నాళ్ళుండి, పిల్లల బడి పోతోందని పామర్రు వెళ్ళిపోయింది. ఆపైన నాతో మాట్లాడింది పాలు పోసేవాడే, అదీ గుమ్మం బయట నుంచి. కింద ఇంటివాళ్ళకి ఫోనుంది. నాకొస్తే మెట్ల దగ్గర నిలబడి పిలుస్తారు. మోగినప్పుడల్లా చెవి రిక్కించేదాన్ని.

ఒక్క ధీమా ఉండేది నాకు. నెల తిరిగేసరికి సర్వరు కొత్త పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పని నేను తప్ప ఎవరూ ఎన్నడూ చేసి ఎరగరు. ఆరోజైనా ఎవరో ఒకరు రావాలి, కనీసం ఫోను చెయ్యాలి. ఆ పూట జడ వేసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, కుర్చీ మీది బట్టలు తీసేసి కూర్చున్నాను. వచ్చినవాళ్ళని ఏమని దులపాలో కూడా సిద్ధం చేసుకున్నాను. కింద ఫోను మోగింది, మళ్ళీ మోగింది. ఏదీ నాకు కాదు. సాయంత్రం చీర మడత పెట్టేశాను.

తిరిగి పనిలోకి వెళ్ళిన రోజున అకౌంటెంటు గారు నవ్వుతూ ఎదురొచ్చారు. "మీరు లేని లోటే తెలీలేదండీ. బండి అలా నడిచిపోయింది."

మెచ్చుకోలుగానే అన్నారాయన. సర్వరులో చూస్తే నిజమే. నేను మంచం మీదున్న ప్రతిరోజూ ఆఫీసుకి వచ్చినట్టే ఉంది. పొద్దున లోపలికి, సాయంత్రం బయటికి. ఒక్క సెలవు లేదు.

అదైనా చూసింది టైపిస్టు అమ్మాయి తెర మీద. నా మెషీనులో నాకు తెలిసిన పాస్‌వర్డ్ కొడితే తీసుకోలేదు. నా అకౌంటులోకి నేను వెళ్ళడానికి ఆ అమ్మాయినే అడగాల్సి వచ్చింది. తలెత్తకుండా చెప్పింది. అది పామర్రులో మా ఇంటి గేదె పేరు.

చిన్నప్పుడు నా వెనకే బడి దాకా వచ్చి, వదిలేదాకా గోడ పక్కన నిలబడేది. ఆఫీసులో ఒక్కసారి, భోజనాల దగ్గర, దాని పేరు చెప్పి ఆ సంగతి ఎత్తాను. సగంలోనే అందరూ చేతులు కడుక్కోవడానికి లేచారు. నేనూ ఆపేశాను.

"ఎవరు పెట్టారే ఇది?"

"నాకు సూపర్‌వైజర్ గారు చెప్పారు మేడమ్."

ఆయన్ని అడిగితే అకౌంటెంటు గారు చెప్పారన్నాడు. ఆయనేమో టైపిస్టు అమ్మాయే చెప్పిందన్నారు. "ఎవరు పెడితే ఏంటండీ, పని జరిగిందిగా." సర్వరునే అడుగుదామని వెతికాను. పాస్‌వర్డ్ మార్చింది ఎవరని చూస్తే అక్కడా నా పేరే.

కంపెనీ మూతపడింది. ఆ తర్వాత ఎన్ని ఆఫీసులు మారినా, ఎన్ని కంప్యూటర్లు మారినా నేను పెట్టుకునేది ఆ పేరే. ఇక్కడ రాయను. అది గేదె పేరని తెలిసిన మనిషి ఆ ఆఫీసులో నేను కాక ఇంకొకరున్నారు, వాళ్ళకి రాయక్కర్లేదు. వాళ్ళనే అడుగుతున్నాను. అందరితో పాటు లేచి వెళుతూ కూడా నా మాట విన్న మీరెవరు? అంత గుర్తు పెట్టుకున్నవారు, పటమటకి ఒక్క సిటీ బస్సు ఎందుకు ఎక్కలేదండీ?