మల్లేశ్ కట్టని చరణం

దయ్యాలంటే నాకు నమ్మకమూ లేదు, భయమూ లేదు. సినిమావాళ్ల ఒప్పందాలు రాసే లాయర్‌ని నేను. సంతకం పెట్టి, మర్నాడు ఆ సంతకం తమది కాదనే మనుషుల్ని చూసిన దాన్ని. ఇంక దయ్యాలు నన్నేం భయపెడతాయి? చిన్నప్పుడు మా నాయనమ్మ చెప్పే కొరివిదయ్యం కథలకు పకపకా నవ్వి మొట్టికాయలు తిన్నాను. అలాంటి నేను ఇది చెబుతున్నానంటే నాకే వింతగా ఉంది.

మల్లేశ్ గాయకుడు. కృష్ణానగర్‌లో చిన్న గది కిరాయికి తీసుకుని, సినిమా పాటలకు ట్రాక్ సింగర్‌గా మొదలుపెట్టాడు. తర్వాత సొంతంగా కట్టిన పాటలతో పెద్ద పెద్ద స్టేజీలు ఎక్కాడు. అతని పాట లేకుండా పెళ్లి బరాత్ అడుగు ముందుకు వేసేది కాదు. చివరి షో ఆరుబయట జరిగింది. కొత్త పాట పల్లవి పాడాడో లేదో కుండపోతగా వాన పడి షో ఆగిపోయింది. ఆ వారంలోనే జ్వరం వచ్చి పోయాడు. నేను అతన్ని ఒక్కసారి కూడా కలవలేదు.

ఆ షోను కెమెరాలతో తీయించింది నిర్మాత సుబ్బరాజు గారు. భీమవరం వైపు మనిషి, జూబ్లీ హిల్స్‌లో ఆఫీసు. దాన్ని సినిమాగా థియేటర్లలో వేయాలని ఆయన ఆశ. హక్కులన్నీ మల్లేశ్ తల్లి సత్తమ్మవి. ఆమె తరఫు లాయర్‌ని నేను.

అన్నీ కుదిరాయి, ఒక్క షరతు తప్ప. సినిమా కొనే కంపెనీకి ఆ చివరి పాట పూర్తిగా కావాలి. పల్లవి మాత్రమే ఉంటే కొనరు. వాళ్లు కొనకపోతే సినిమా బయటికి రాదు. సుబ్బరాజు గారు దానికి ఉపాయం ఆలోచించారు. ఒక కవితో చరణం రాయించి, ఎవరితోనైనా పాడించి, కంప్యూటర్‌తో ఆ గొంతును మల్లేశ్ గొంతుగా మార్చేయడం.

సత్తమ్మ ససేమిరా అంది.

"నా కొడుకు పాడనిది పాడిండని జెప్తరా? రేపు వాడు కలలకొచ్చి అడిగితె నేనేం జెప్పాలె?"

షోకు వెళ్తూ మల్లేశ్ ఆమెతో ఒక మాట అన్నాడట. "చరణం ఇంకా కట్టలేనే అవ్వా. కట్టినంక ముందుగాల నీకే వినిపిస్త." అది కట్టకుండానే పోయాడు. ఇప్పుడు ఇంకెవరో కట్టడం ఆమెకు ఇష్టం లేదు. అట్లాగని సినిమా ఆగిపోవడమూ ఇష్టం లేదు. నలుగురి మధ్య కూర్చుని, పెద్ద తెర మీద కొడుకును ఒక్కసారి చూసుకోవాలని ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె తరఫున వాదించాల్సిన నాకూ దారి తోచలేదు.

చివరికి సుబ్బరాజు గారు బతిమాలారు. "ముందు చరణాన్ని వేరేవాళ్ల గొంతులో ఒక్కసారి వినండమ్మా. నచ్చకపోతే సంతకం పెట్టొద్దు." వినడానికి మాత్రం ఒప్పుకుంది.

ఫిల్మ్‌నగర్‌లో రికార్డింగ్ థియేటర్. పొద్దున్నే ముహూర్తం. సినిమావాళ్ల పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. ముందు ట్రాక్ సింగర్ ఒకరు వచ్చి పాట పాడతారు. తర్వాత పెద్ద సింగర్ అది వింటూ అదే పాట పాడాక, మొదటి గొంతు తీసేస్తారు. సత్తమ్మకూ అదే చెప్పాం. ఆ రోజు రావాల్సిన ట్రాక్ సింగర్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు. ముహూర్తం దాటిపోతోంది. ఫిల్మ్‌నగర్‌లో ముహూర్తం దాటడమంటే కొంప మునిగినట్టే. అప్పుడు మనిషి లేకపోయినా ఖాళీ మైకు ముందు హారతి ఇచ్చి, రికార్డు బటన్ నొక్కి, మొదలైపోయిందనిపిస్తారు. మేమూ అదే చేశాం.

లోపలి గదిలో మైకు తప్ప ఎవరూ లేరు. తలుపు బార్లా తీసి ఉంది. గడప దగ్గర సుబ్బరాజు గారు కొబ్బరికాయ కొట్టారు. అగరుబత్తి పొగకు నేను గట్టిగా తుమ్మాను. శుభమా అని మొదలుపెడుతుంటే ఒంటితుమ్మా అన్నట్టు సుబ్బరాజు గారు నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. సత్తమ్మ హారతి కళ్లకద్దుకుంది. సౌండ్ ఇంజనీర్ ఇమ్రాన్ మా కళ్లముందే రికార్డింగ్ ఆపాడు. థియేటర్ మొత్తంలో మేం నలుగురమే ఉన్నాం.

ట్రాక్ సింగర్ ఇంకా రాలేదు. మైకు సరిగ్గా ఉందో లేదో చూద్దామని ఇమ్రాన్ ఆ ఖాళీ రికార్డింగును వినిపించాడు.

కొబ్బరికాయ చప్పుడు. నా తుమ్ము. వెంటనే ఒక మగగొంతు.

"నూరేండ్లు బతుకు వకీలమ్మా!"

తర్వాత నవ్వు. ఆ నవ్వు రాష్ట్రంలో తెలియనివాళ్లు లేరు. దాని వెనకే పాట.

చెప్పులిడిసి నేనొస్త, సప్పుడు జెయ్యకుండొస్త
నా వంతు పాట నువు పాడవె అవ్వా, నవ్వుకుంట నే వింట

నేను లోపలి గదిలోకి తొంగి చూశాను. సుబ్బరాజు గారు మాత్రం మండిపడ్డారు. "ఏంటయ్యా ఇమ్రాన్, చావుతో పరాచికాలా?" కంప్యూటర్ గొంతుతో ఆట పట్టించాడనుకున్నారు. నేనూ అదే అనుకుని ఇమ్రాన్‌ను కోర్టులోలాగా నిలదీశాను. టోలిచౌకి కుర్రాడు, పాపం గొంతు మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు.

"అల్లా కసం మేడం, నేనేం చెయ్యలే. మల్లేశన్న గొంతు నాకు ఇచ్చిందే లేదు కదా."

అది నిజం. కంప్యూటర్‌కు నేర్పించాల్సిన, వాద్యాలు కలవని మల్లేశ్ గొంతు రికార్డులన్నీ సత్తమ్మ సంతకం పెట్టేదాకా ఇవ్వనని నేనే నా బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా బ్యాగులోనే ఉంది. పోనీ పాత రికార్డింగా అంటే, అందులో నా తుమ్ముంది. దానికి దీవెన కూడా ఉంది. కవి గారు రాసిన చరణమా అంటే, అందులో అమావాస్యలూ వెన్నెలలూ తప్ప అవ్వ ఊసే లేదు.

సత్తమ్మ ఏడుస్తుందని భయపడ్డాను. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "జూసిన్రా! ముందుగాల నాకే వినిపిస్తనన్నడు. మాట తప్పలే నా కొడుకు."

సుబ్బరాజు గారు తేరుకున్నారు. నిర్మాత కదా, తొందరగానే తేరుకున్నారు. "లాయర్ గారూ, ఇదే పెట్టేద్దామండీ!" నేను తల అడ్డంగా ఊపాను. ఒప్పందంలో ఆ గొంతు మల్లేశ్ బతికుండగా రికార్డయిందనో, కంప్యూటర్‌తో చేసిందనో మేం హామీ ఇవ్వాలి. అబద్ధం రాస్తే నేరం, నిజం రాస్తే నన్ను ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపిస్తారు. ఆయన నెత్తి పట్టుకున్నారు. నేనూ పట్టుకున్నాను.

అప్పుడు సత్తమ్మ లేచింది.

"మీకు చెవులు లేవా? ఎవరు పాడాల్నో పాటలనే జెప్పిండు గదా."

చెప్పులు గడప బయట విడిచి లోపలికి వెళ్లింది. బతుకమ్మ పాటలు తప్ప ఎన్నడూ పాడలేదు, మైకు మొహం చూడలేదు. ఇమ్రాన్ ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టాడు. కొడుకు పాడుతుంటే వింటూ, వాడి వెనకే పాడింది. మొదటిసారి నవ్వొచ్చి ఆగిపోయింది. రెండోసారి ఆ గొంతు వింటుంటే నా కాళ్లు వాటంతటవే కదిలాయి. సుబ్బరాజు గారు కండువా గాల్లో తిప్పుతూ ఆడారు. పెద్ద సింగర్లకు దారి చూపించే ట్రాక్ సింగర్‌గా మొదలైన మల్లేశ్, ఆ రోజు వాళ్లమ్మకు ట్రాక్ పాడాడు. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఆ తర్వాత రెండు గొంతులూ కలిపి విందామని ఇమ్రాన్ మొదటి రికార్డింగు మళ్లీ పెట్టాడు. కొబ్బరికాయ చప్పుడుంది. నా తుమ్ముంది. తర్వాత ఖాళీ గది. దీవెన లేదు, నవ్వు లేదు, పాట లేదు. ఇమ్రాన్ దేన్నీ చెరపలేదు. నేను వాడి పక్కనే నిలబడి ఉన్నాను.

సత్తమ్మ మాత్రం కంగారు పడలేదు. "పెద్ద సింగర్ పాడినంక ట్రాకు తీసేస్తరని మీరే అన్నరు గదా" అంది.

ఒప్పందంలోంచి కంప్యూటర్ గొంతు మాట కొట్టేయించాను. తల్లి పాడిన చరణానికి కంపెనీవాళ్లు ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు. సత్తమ్మ సంతకం పెట్టింది.

మొదటి ఆటకు హాలు కృష్ణానగర్ జనంతో, అక్కడుండే సినిమా డాన్సర్లతో నిండిపోయింది. తెర మీద వాన మొదలై, దీపాలు ఆరి, చీకట్లో సత్తమ్మ గొంతు లేచేసరికి హాలంతా సీట్ల మీదికి ఎక్కింది. వన్స్ మోర్ అని ఒకటే గోల. ఆట ఆపి ఆ పాట మళ్లీ వేశారు. ఈసారి సత్తమ్మే లేచి నిలబడి తెరతో పాటు పాడింది. డాన్సర్లు ఆమెను చుట్టుముట్టి ఆడారు. మల్లేశ్ పోయాక ఆమె ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు.

నా పక్క సీటాయన కళ్లు తుడుచుకుంటూ, ఆ చరణం రాసిందెవరని అడిగాడు. వాళ్లబ్బాయే అన్నాను. ఎప్పుడు రాశాడని మాత్రం అడగలేదు, బతికించాడు.