చివరి పేజీకి బేరం

తొంభైల్లో ఇంటర్ రెండోసారి తప్పి, ఇక చదువొద్దనుకుని పుంగనూరులో నాన్న కిరాణా అంగట్లో కూర్చున్నాను. పొట్లాల కోసం తూకానికి కొన్న పాత పుస్తకాల్లో ఒక నవల చిక్కింది. వరదలో మగ్గం కొట్టుకుపోయిన ఒక నేతగత్తె కథ. చదివిన పేజీని చదివినట్టే చింపి పొట్లం కట్టేదాన్ని. దండగ చేయడం మా ఇంటా వంటా లేదు!

తీరా చూస్తే ఆఖరి పేజీ లేదు. నేను ముందు నుంచి చింపుతుంటే నాన్న వెనక నుంచి చింపాడు! అది మిరియాల పొట్లమై వెనకవీధి రహీంబీకి చేరింది. నేతగత్తె మళ్లీ లేచిందో లేదో తెలియకపోతే నాకు అన్నం దిగేలా లేదు. పరుగెత్తాను. రహీంబీ ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టబోతోంది.

"ఆగత్తా! ఆ కాగితం ఇయ్యి!"

"యాలమ్మే? దీంట్లో ఏముండాది?"

"ఏం లేదు, ఉత్త చిత్తు."

"చిత్తుకాగితానికి ఇంతగా ఉరికొస్తారా? బెల్లం అచ్చు తెస్తానంటే ఇస్తా."

"సగం అచ్చు?"

కాగితం మంట దగ్గరికి జరిగింది.

"సరే సరే, పూర్తి అచ్చే!"

పొయ్యి పక్కనే నిలబడి చదివాను. నేతగత్తె కొత్త మగ్గం దించడానికి గుంట తవ్వుతోంది. నాకు ఊపిరి తిరిగొచ్చింది. ఆ వారమే మూడోసారి పరీక్ష ఫీజు కట్టాను, గట్టెక్కాను కూడా.

బేరంలో అంత చిత్తుగా ఓడి, అంత సంతోషంగా ఇంటికి నడిచింది నా జన్మలో ఆ ఒక్కసారే.