బుడ్డలకు వేసిన సున్నా

కంప్యూటర్ టింగుమంది. పక్షవాతంతో వచ్చిన మనిషి మూడు నెలలకు ఎంతవరకు కోలుకుంటాడో ఇప్పుడు అదే అంచనా కట్టి చెబుతోంది. ఆ చప్పుడు వింటే నాకు మాత్రం కర్నూలులో మా వార్డు హెడ్ నర్సు హుస్సేనమ్మ గొంతే గుర్తొస్తుంది. పొట్టి మనిషి, పెద్ద గొంతు. డాక్టరైనా సరే, తప్పు చేస్తే వదిలే రకం కాదు.

అప్పటికి నేను భీమవరం నుంచి కొత్తగా వచ్చిన డాక్టర్ని. పత్తికొండ టమోటా మండీలో వేలం వేసే తిమ్మప్పను, మాట, కుడిచెయ్యి పడిపోయిన మూడు గంటల్లోపే తీసుకొచ్చారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, మెదడులో అడ్డుపడ్డ గడ్డను లాగేశాం. ఆగిన రక్తం మళ్ళీ పారడం తెరమీద చూసి ఎగిరి గంతేయాలనిపించింది! కానీ గడ్డ బయటికి వచ్చినంత మాత్రాన మాట వస్తుందని కాదు. మర్నాడు మనిషి ఎలా ఉన్నాడో చూసి, మార్కులు వేసి, అప్పుడు అంచనా చెప్పాలి.

మర్నాడు పొద్దున ఆయనకు వేరుశనక్కాయల బొమ్మ చూపించి ఇదేంటని అడిగాను. "బు... బుడ్డలు" అన్నాడు. మా వైపు బుడ్డ అంటే మగవాళ్ళు చెప్పుకోలేని జబ్బు. నాకు మొహం ఎర్రబడింది. పాపం, మాట పూర్తిగా దెబ్బతిందనుకుని సున్నా వేసేశా.

బయట ఆయన భార్య నరసమ్మ నా కొంగు పట్టుకున్నంత పని చేసింది. "మాట వస్తాదా డాక్టరమ్మా? మండీవాళ్ళు ఇంగొకర్ని పెట్టుకుంటామంటాండారు. ఆయన గొంతే మాకు బువ్వ." కష్టమేనని చెప్పబోతూ, ముందు హుస్సేనమ్మతో జరిగింది చెప్పాను.

ఆమె పగలబడి నవ్వింది. ఆ వెంటనే కళ్ళెర్రజేసింది. "ఏమమ్మా, ఈడ శనక్కాయల్ని బుడ్డలనే అంటాము. ఆయప్ప సరిగ్గానే చెప్పినాడు. సున్నా ఎవురికెయ్యాల? ఆయప్పకా, నీకా?"

సిగ్గుతో చచ్చిపోయాను. అంతలోనే సంతోషం తన్నుకొచ్చింది. ఇద్దరం లోపలికి పరిగెత్తాం. బంగాళాదుంప చూపిస్తే "ఉర్లగడ్డ" అన్నాడు. ఉల్లిపాయకు "ఎర్రగడ్డ" అన్నాడు. ఒక్కటీ తప్పలేదు! నరసమ్మ దగ్గరకెళ్ళి, "మండీవాళ్ళను ఆగమనండి, మాట వచ్చేట్టే ఉంది" అన్నాను. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది.

మూడు నెలలకు తిమ్మప్ప నడిచి వచ్చాడు. కుడిచెయ్యి ఇంకా కాస్త బరువుగానే ఉంది. గొంతు మాత్రం... ఓపీ హాల్లో ఒక్క వేలం కేక పెట్టాడు, వాచ్‌మన్ ఉరుక్కుంటూ వచ్చాడు! హుస్సేనమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "రాస్కోమ్మా మార్కులు" అంది.

ఇప్పటికీ ఒక జవాబు తప్పనిపిస్తే వెంటనే సున్నా వెయ్యను. ఇంటివాళ్ళను పిలిచి, మీరు దీన్నేమంటారని అడుగుతాను. వాళ్ళు నోరు తెరిచేలోపే, దేవుడా, తప్పు నాదే కావాలి అనుకుంటాను.