అచ్చయ్య పెట్టిన పరీక్ష

జగ్గయ్యపేటలో మిరపకాయల కొట్టు నడిపే అచ్చయ్య ఎవరినీ నమ్మడు. రైతు తెచ్చిన బస్తాలో పై కాయలు చూడడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగునున్న పిడికెడు లాగి, తొడిమ విరిచి, వాసన చూసి, అప్పటికీ పెదవి విరుస్తాడు. ఇంటి నేతిని సైతం అరచేత రుద్దనిదే అన్నంలో వేసుకోడు. విచారణ లేకుండా అతడు నమ్మింది ఒక్కటే: భార్య వాసవాంబకు ఏ జబ్బూ లేదని. నందిగామలో కొత్తగా వచ్చిన డాక్టరు, నలభై దాటినవారంతా జబ్బు లేకపోయినా మూత్రం పరీక్ష చేయించుకోవాలంటున్నాడని విని, ఇది మందులమ్ముకొనే ఎత్తని తీర్మానించుకున్నాడు. ఆ మోసాన్ని రుజువు చేయడానికి భార్య చేత సీసా నింపించి, తనదని చెప్పి డాక్టరుకు ఇచ్చాడు.

డాక్టరు నీలి మందునీళ్లలో కొన్ని చుక్కలు వేసి కాచాడు. అది ఇటుక రంగుకు తిరిగింది.

“చక్కెర జబ్బండీ శెట్టిగారూ. పట్టించుకోకపోతే గుండె నాళాలు పూడిపోతాయి. కొందరికి నొప్పి కూడా తెలియదు. ముందే తెలిసింది గనుక జాగ్రత్తపడొచ్చు.”

అచ్చయ్య బల్ల చరిచాడు. “దొరికిపోయారు! అది నాది కాదండీ!”

“మరెవరిదండీ?”

“మా ఆవిడది.”

“ఆవిడకు నడిస్తే ఆయాసం వస్తోందా?”

అచ్చయ్యకు తెలియదు. ఏనాడూ చూడలేదు.

“ఇంకోసారి కాచండి బాబూ,” అన్నాడు మెల్లగా. ఆ డాక్టరు నిజంగానే మోసగాడై ఉండాలని మనసారా కోరుకున్నాడు.